నాలుగో పిడి

గొడుగక్క ఆఫీసుకు వస్తోందంటే మూడో అంతస్తులో కూర్చున్న నాకు ఆవిడ కింద గేటు దాటుతుండగానే తెలిసిపోయేది. లిఫ్టు ఎక్కదు. మెట్లెక్కుతూనే మాటలు మొదలుపెడుతుంది, వినేవాళ్ళు ఎదురుగా ఉన్నారా లేరా అన్నది ఆవిడకు అనవసరం. నా బల్ల దగ్గరికి చేరేసరికి సగం కథ మెట్ల మీదే అయిపోయి ఉంటుంది. మిగతా సగం పట్టుకుని మొదటి సగం ఏమై ఉంటుందో నేను ఊహించుకోవాలి. పదకొండేళ్ళు ఆ పని చేశాను. టైపు చేసుకునేవాడి నెత్తిన ఇదో అదనపు పని అని విసుక్కున్నాను కూడా. ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే ఎవరూ అడగరని తెలిసి నేనే మొదలుపెట్టాను.

ఆరుగురు పిల్లల్లో నాలుగోది. ఏడో తరగతితో చదువు సరి. పదహారో ఏట గొడుగుల ఫ్యాక్టరీలో చేరి తొమ్మిదేళ్ళు ఊచలకు గుడ్డ కుట్టింది, ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు పరీక్ష విభాగంలో పనిచేసింది. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు, నెమ్మదస్తుడు. ఇంట్లో మాటల కోటా మొత్తం పెళ్ళానికే రాసిచ్చేసినట్టు ఉండేవాడు. ఒక్కతే కూతురు, కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు.

ఆ పరీక్ష ఏమిటో చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఫ్యాక్టరీలో ప్రతి వంద గొడుగుల్లో ఒకటి తీసి పెరట్లోకి పట్టుకెళతారు. అక్కడ చిల్లులు పొడిచిన నీళ్ళ గొట్టం ఒకటి వానలా కురుస్తుంటుంది. పరీక్షించే మనిషి లేత నీలం నూలు కోటు తొడుక్కుని, గొడుగు వేసుకుని, పావుగంట దాని కింద నిలబడాలి. కోటు మీద ఒక్క చుక్క పడినా వంద గొడుగులూ వెనక్కి పోతాయి. ఎక్కడ కారుతోందో ఆ మనిషికి కనబడుతూనే ఉంటుంది, రెండు కుట్లు వేస్తే సరిపోతుందనీ తెలుసు. అయినా సూది ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ గొడుగు తనదైపోతుంది, తన గొడుగు కారుతోందని ఎవరూ ఒప్పుకోరు. ఇది ఫ్యాక్టరీ పెట్టిన పాతమ్మగారి సిద్ధాంతం.

పాతమ్మగారు పెద్దవయసులో కుటుంబం పేరు మీద ట్రస్టు ఒకటి పెట్టారు. లాభంలో ఒక వాటా ఏటా ఊళ్ళో పనులకు వెళుతుంది. కాలవ గట్టున పిల్లలకు ఈత నేర్పేవాళ్ళకు, నిచ్చెనలూ డ్రిల్లు మిషన్లూ అరువిచ్చే పనిముట్ల లైబ్రరీకి, వినికిడి మిషన్లు ఊరికే బాగుచేసిపెట్టే ఒక రిటైరైన మాస్టారికి, ఇలాంటివాటికి. అడగడానికి ఒక్క కాగితం చాలు. కాగితం చూసి మాత్రం ఇవ్వరు. ట్రస్టు మనిషి వెళ్ళి, తానెవరో చెప్పకుండా, ఒక పూటంతా అక్కడ గడపాలి. పనిలో చెయ్యి పెట్టకూడదు. పెడితే ఆ మనిషి మాట చెల్లదు, బదులు వెళ్ళే మనిషి లేకపోతే ఆ ఏటికి దరఖాస్తు ఆగిపోతుంది. దీన్ని మా ఆఫీసులో 'తడిసి రావడం' అంటారు. ఆ ఉద్యోగానికి పాతమ్మగారు డిగ్రీలున్నవాళ్ళందర్నీ పక్కనపెట్టి పరీక్ష విభాగం నుంచి గొడుగక్కను పిలిచారు.

తడిసొచ్చాక నెలలో మూడో సోమవారం కుటుంబం ముందు నిలబడి చెప్పాలి. కాగితం ఉండదు. పాత ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించిన పొడుగు బల్లే మా మీటింగు బల్ల. దానికి ఆ చివర పాతమ్మగారి పెద్దకూతురు కూర్చుంటారు, ఇప్పుడు మాకు ఆవిడే అమ్మగారు. ఆవిడ తమ్ముళ్ళిద్దరూ చెరో పక్కా, చిన్నతమ్ముణ్ణి మేం చిన్నాయన అంటాం. గొడుగక్క చెబుతుంటే నేను మూల కూర్చుని రాసుకుంటాను. రాసుకోవడం అని పేరేగానీ చాలాసార్లు నోరు తెరుచుకుని చూడటమే. కాలవ ఈత గురించి చెప్పిన రోజున ఆవిడ బల్ల మీదికి వంగి రెండు చేతులూ బారచాపి ఈదడం మొదలుపెట్టింది. చిన్నాయన టీ కప్పు ఆ వరదలో కొట్టుకుపోయింది. అయినా ఆయన నవ్వుతూనే ఉన్నాడు, ఆ పనికి డబ్బు వెళ్ళింది. ఇంకోసారి ఒక కుట్టు శిక్షణ కేంద్రానికి వెళ్ళొచ్చి, పదకొండు మిషన్లున్నాయి, అద్దంలా తుడిచిపెట్టారు, ఒక్కదానికీ నూనె వాసన లేదు అని చెప్పి కూర్చుంది. అంతే, ఇంకో మాట అక్కర్లేకపోయింది.

మెట్ల పేట దరఖాస్తు వచ్చింది పోయినేడు వానలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజుల్లో. ఊరి చివర కొండవాలు మీద ఇళ్ళు, రోడ్డు లేదు, కిందినుంచి పైకి మూడువందల పన్నెండు మెట్లు. జబ్బుపడ్డవాళ్ళను దించాలంటే మోయాల్సిందే. ఆ మోసే పని ఆరేళ్ళుగా నలుగురు ఆడవాళ్ళు చేస్తున్నారు. నలుగురూ అక్కడే ఇళ్ళు కట్టే పనిలో ఉండేవాళ్ళు, కేక వేస్తే తట్టలు దించి వస్తారు. వాళ్ళ పెద్దను అందరూ మేస్త్రమ్మ అంటారు. బలమైన కుర్చీకి రెండు గడలు కట్టి నాలుగు పిడులు చేశారు, మనిషికొకటి. పైసా తీసుకోరు.

వాళ్ళడిగింది మెట్ల పక్కన గోడ వెంబడి నడిచే చిన్న పట్టాల బండి. మూతపడ్డ రాతి క్వారీ ఒకటి తన పట్టాలూ, ఇనుప తాడు లాగే మోటారూ తక్కువకు ఇస్తానంది. మున్సిపాలిటీ అనుమతి మేస్త్రమ్మ తిరిగి తిరిగి ఎప్పుడో తెచ్చుకుంది. చిక్కల్లా ఒక్కటే. క్వారీవాళ్ళు నెలాఖరుదాకానే ఆగుతారు, ఆ తర్వాత పట్టాలు పాత ఇనుము కింద కరగడానికి పోతాయి. ఈ నెల మా బల్ల మీద తేలకపోతే ఇక బండి లేదు.

గొడుగక్క ఒక శుక్రవారం పొద్దున అద్దెగది వెతుక్కుంటున్న మనిషిలా వెళ్ళింది.

శనివారం ఆవిడ మెట్లెక్కడం నాకు వినబడలేదు. తల ఎత్తేసరికి ఎదురుగా నిలబడి ఉంది. కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. ఆవిడ మాట్లాడటం లేదు.

"ఏమైందక్కా?"

"చెయ్యి పెట్టేశాను తమ్ముడూ."

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పక్కనపెట్టి చెప్పడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగానే మొదలైంది గానీ ఆ నెమ్మది రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

పొద్దుటినుంచి వాన. మెట్లకు సగం దూరంలో ఉన్న చిన్న దుకాణం అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నంలోపే మూడుసార్లు కుర్చీ తన ముందునుంచి దిగింది. మూడోసారి దించుతుండగా మోసేవాళ్ళలో ఒకామెకు మడమ మెలితిరిగింది, దుకాణం వెనక కాలు పైకెత్తి పడుకోబెట్టారు. మూడు గంటల వేళ పైనుంచి కేకలు. నిండు గర్భిణి, నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కింద అంబులెన్సు వచ్చి హారన్ కొడుతోంది. మగవాళ్ళంతా పనుల్లోకి పోయి ఉన్నారు. మేస్త్రమ్మ మిగిలిన ఇద్దరితో కుర్చీ పట్టుకుని అటూ ఇటూ చూసి, అరుగు మీదున్న మనిషి చేతులకేసి చూసింది.

"అమ్మా, నీ చేతులు గట్టివేనా?" అని అడిగిందట.

"నాకు అన్నీ గుర్తొచ్చాయి తమ్ముడూ. పాతమ్మగారు, పెరట్లో గొట్టం, సూది ముట్టుకోవద్దనడం. చెయ్యి పెడితే వీళ్ళ బండి పోతుందని కూడా తెలుసు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు నిలబడిపోయాను. ఆ మూడు అంకెలు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. తర్వాత వెళ్ళి నాలుగో పిడి పట్టుకున్నాను."

ఇక ఆవిడ కుర్చీలో ఆగలేదు. లేచి, నా బల్లను ఒక మూల పైకెత్తి చూపించింది. కిందివైపు ఎడమ పిడి, బరువంతా దిగేది అక్కడే. మెట్లు సబ్బు పూసినట్టున్నాయి. మేస్త్రమ్మ గట్టిగా లెక్కపెడుతుంటుంది, అంకెకో అడుగు, నలుగురికీ ఒకటే అడుగు. నూరు దాటాక అరచెయ్యి చీలింది. నూట యాభై దగ్గర ఆ అమ్మాయి అరిచి ఈవిడ జుట్టు పట్టుకుంది. "పీక్కోవమ్మా, పీక్కో, మళ్ళీ వస్తుంది అన్నాను తమ్ముడూ, నవ్వింది పిచ్చితల్లి, అంత నొప్పిలోనూ నవ్వింది." కిందికి చేరాక అంబులెన్సు తలుపు వేసేశారు. ఆసుపత్రికి వెళ్ళిన అరగంటకు పాప పుట్టిందని ఫోనొచ్చింది, తల్లీ బిడ్డా క్షేమం. నలుగురూ చివరి మెట్టు మీద కూలబడి, వానలో, ఎవరి భుజం మీద ఎవరు పడ్డారో తెలియకుండా నవ్వారట.

చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆ బల్ల మూల ఆవిడ చేతిలో ఇంకా గాల్లోనే ఉంది, నా కాగితాలన్నీ జారి ఒళ్ళో పడ్డాయి, నాకు కోపం రాలేదు.

అప్పుడు నేను బుద్ధిమంతుడి సలహా ఒకటి ఇచ్చాను. "చెప్పకక్కా. చూసింది చెప్పు, మోసింది చెప్పకు. ఎవరికి తెలుస్తుంది?"

బల్ల మూల దించేసింది.

"పంతొమ్మిదేళ్ళు ఆ కోటు తొడుక్కుని నిలబడ్డది చుక్క కనబడటానికేగా. ఇవాళ చుక్క నా మీద పడితే మడతపెట్టి దాచుకోనా? రేపు ఇంకోచోటికి వెళ్ళొచ్చి బాగుంది అంటే అది ఏ మొహంతో అనాలి? నువ్వూ బానే చెబుతావు సలహాలు."

సోమవారం బల్ల ముందు నిలబడి మొత్తం చెప్పింది. మోసిందీ చెప్పింది, అరచెయ్యి విప్పి చూపించింది. చిన్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మగారు ముక్కుసూటి మనిషి, ఆ మొహం మీద ఏదీ తెలియదు. "నీ మాట చెల్లదు," అన్నారు.

"తెలుసండి," అంది గొడుగక్క.

"అక్కా, మనిషి ప్రాణం కదా," అన్నాడు చిన్నాయన.

"నేను కాదనడం లేదురా. ఈవిడ చేసింది తప్పని కూడా అనను. కానీ చెయ్యి పెట్టి వచ్చింది. ఆ పని ఇప్పుడు ఈవిడ పని. ఈవిడకు లోపం కనబడుతుందా? అమ్మ దీనికోసమేగా ఆ కట్టుబాటు పెట్టింది."

"నిజమేనండి," అంది గొడుగక్క. "నాకు వాళ్ళలో లోపం కనబడటం లేదు. వాళ్ళను ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలని ఉంది. నా మాట కొట్టేయండి. కానీ వాళ్ళను కొట్టేయకండి. ముప్పయ్యో తారీఖు దాటితే పట్టాలు పోతాయి. ఇంకెవర్నయినా పంపండి."

తడిసొచ్చే మనిషి ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు. ముగ్గురి చూపులూ నెమ్మదిగా నా మూలకు తిరుగుతున్నట్టు అనిపించి నేను పెన్సిలు చెక్కుకోవడంలో మునిగిపోయాను. మూడువందల పన్నెండు మెట్లు. నా పిరికితనం రాసుకోవడానికి నాకేం సిగ్గులేదు, అక్కడ నేను చేసింది అదే.

"నేనే వెళ్తాను," అన్నారు అమ్మగారు.

తమ్ముళ్ళిద్దరూ ఒకేసారి మాట్లాడారు. డెబ్బై రెండేళ్ళు, ఆ మోకాళ్ళు, వాన, ఏమైనా అయితే. అమ్మగారు వినలేదు. ఆవిడ పంతం పడితే ఇక ఇల్లు పీకి పందిరేసినా ఆగరని ఆ తమ్ముళ్ళకు చిన్నప్పుడే తెలిసి ఉండాలి. తోడుగా, మేనల్లుడి వేషంలో నన్ను రమ్మన్నారు. పెన్సిలు చెక్కుకున్నా తప్పలేదు.

గురువారం పొద్దున వెళ్ళాం. వాన లేదు, మెట్లు మాత్రం తడిగానే ఉన్నాయి. ఇరవై మెట్లకోసారి ఆగుతూ, గోడ పట్టుకుంటూ, ఎవరైనా అడిగితే చుట్టాలింటికి అని చెబుతూ ఎక్కారు. దారిలో ప్రతిదీ చూశారు. ఒక గుమ్మంలో ఒకామె బట్టలారేస్తోంది, ఒక కిటికీలోంచి ముసలాయన దగ్గు వినబడుతోంది, గ్యాస్ సిలిండరు భుజాన వేసుకుని ఒకడు మమ్మల్ని దాటి పోయాడు. వాడు తిరిగి ఖాళీ సిలిండరుతో దిగేసరికి మేమింకా నూట పది దగ్గరున్నాం. నూట డెబ్బై ఒకటో మెట్టు మీద అమ్మగారు కూర్చుండిపోయారు. లేవబోతే మోకాలు పట్టేసింది. పైకి వెళ్ళలేరు, కిందికి దిగలేరు. ఆ మొహం తెల్లగా పాలిపోయింది.

ఎవరు కేకేశారో తెలియదు. పది నిమిషాల్లో కుర్చీ వచ్చింది, మడమ మెలితిరిగినామె కూడా కాలికి కట్టుతో ఒక పిడి పట్టుకుని ఉంది. మేస్త్రమ్మ పొట్టి మనిషి, తలకు గుడ్డ, మోచేతులదాకా సిమెంటు. ముందు మోకాలు చూసింది, తర్వాత అమ్మగారి మొహం చూసింది.

"పెద్దమ్మా, కూర్చో. పిడి పట్టుకోకు, కుర్చీ చేతులు పట్టుకో. నువ్వు కదిలితే మేం నలుగురం కదులుతాం."

అమ్మగారిని నువ్వు అన్న మనిషిని అప్పటివరకు నేను చూడలేదు. అమ్మగారు కిక్కురుమనకుండా కూర్చున్నారు.

లెక్క మొదలైంది. ఒకటి. రెండు. మూడు. నలుగురి పాదాలూ ఒకేసారి పడుతుంటే ఆ చప్పుడు నా ఛాతీలో వినబడింది. మలుపు దగ్గర కుర్చీ పక్కకు ఒరిగింది, కిందిపిడి ఆమె భుజం దించి, మోకాలు వంచి, మళ్ళీ సమం చేసింది. అంకె తప్పలేదు. అమ్మగారు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు, కాసేపటికి తెరిచారు, ఆ తర్వాత మూయలేదు. నేను ఆవిడ చేతిసంచీ పట్టుకుని వెనక నడిచాను. నలుగురు ఆడవాళ్ళు ఒక మనిషిని మోస్తుంటే, ఇంత మగాణ్ణి సంచీ ఊపుకుంటూ నడవడం. చెయ్యి పెట్టకూడదు మరి. గొడుగక్క లెక్కపెట్టిన ఆ మూడు అంకెలు ఎంత పొడుగో నాకు ఆ దారంతా తెలుస్తూనే ఉంది.

కిందికి దించి, నీళ్ళు తాగించి, మోకాలికి బిగుతుగా గుడ్డ చుట్టి, మేస్త్రమ్మ మెట్లెక్కి పరుగున వెళ్ళిపోయింది. ఏమీ అడగలేదు. కారు ఆఫీసు వీధి మలుపు తిరిగాక అమ్మగారు అన్నారు, "తమ్ముళ్ళిద్దర్నీ పిలువు. గొడుగక్కను కూడా."

ఆ సాయంత్రం బల్ల చివర నిలబడింది అమ్మగారు, గోడకు ఆనుకుని, మోకాలికి ఆ గుడ్డతోనే. కాగితం లేదు. "నేను దేన్నీ ముట్టుకోలేదు. గొడుగు కింద నిలబడ్డాను. చుక్క పడలేదు," అన్నారు. తర్వాత ఆగి, "నాకు చాలా భయమేసిందర్రా," అన్నారు.

గొడుగక్క నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. మర్నాడు పొద్దున్నే చిన్నాయన చెక్కు పట్టుకుని క్వారీకి పరిగెత్తాడు, లారీతో సహా. పట్టాలు లారీ ఎక్కుతుంటే ఫోన్లో ఆ ఇనుప చప్పుడు మాకు వినిపించాడు. ఆఫీసంతా ఆ ఫోను చుట్టూ గుమిగూడాం. గొడుగక్క పిల్లలా ఎగిరి గంతేసింది, అరవై ఒకటో ఏట, నా కుర్చీ పక్కన.

శనివారం అమ్మగారు స్వయంగా చెప్పడానికి వెళ్ళారు. గొడుగక్కా నేనూ వెంట ఉన్నాం. మెట్ల కింద మేస్త్రమ్మకు సంగతి చెప్పారు, పట్టాలు వచ్చేశాయి, మోటారు వచ్చేసింది, పని మొదలుపెట్టుకోవచ్చు. వెనక ముగ్గురూ ఒకరినొకరు వాటేసుకున్నారు. మేస్త్రమ్మ మాత్రం అమ్మగారి మోకాలికేసి చూస్తోంది.

"ఆ రోజు కుర్చీ ఎక్కింది మీరేగా?"

"నేనే."

"చూడటానికి వచ్చారన్నమాట. ఈవిడ కూడా," అని గొడుగక్కను చూసింది. అందులో కోపం లేదు, అలసట ఉంది. "సంతోషమే అమ్మగారూ. మీరిచ్చింది చిన్న సాయం కాదు. కానీ ఒక్కమాట. ఆ రోజు పైన వాచ్‌మన్ తాత కూడా ఉన్నాడు. రిటైరై నాలుగేళ్ళయింది, రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి దించుతాం. ఆయన కోసమే కుర్చీ తీశాం, అంతలో మీకోసం ఎవరో కేకేశారు. మీ మొహం చూసి ప్రాణం మీదికొచ్చిందేమో అనుకున్నాం. మిమ్మల్ని దించి మళ్ళీ ఎక్కేసరికి ఆయన టైము దాటిపోయింది. మర్నాటికి వేశారు. ఆ రాత్రంతా ఆయాసంతో కూర్చునే ఉన్నాడు. ఎవరో, ఎందుకొచ్చారో చెప్పి ఉంటే ముందు ఆయన్ని దించేవాళ్ళం. మీరు మెట్టు మీద కూర్చోగలరు. ఆయనకు ఆగడానికి లేదు."

నాకు నేల చీలితే బాగుండుననిపించింది. "తప్పు నాదే," అన్నారు అమ్మగారు. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు.

తిరుగుదారిలో గొడుగక్క కారు కిటికీకి తల ఆనించి అంది, "పదిహేడేళ్ళు తిరిగానండి. ఎన్నిచోట్ల ఎవరి వంతులో కూర్చున్నానో, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు." తర్వాతి సోమవారం ఆవిడే పట్టుబట్టింది. చెయ్యి పెట్టకూడదన్నది ఉండాలి, అది మీరితే మనసుకు గుచ్చుకోవాలి, తనకు గుచ్చుకున్నట్టే. ఎవరో చెప్పకుండా వెళ్ళడం మాత్రం పోవాలి. అమ్మగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ కాగితం టైపు చేసింది నేనే.

ఆ తర్వాత ఆరు వారాలు ఆఫీసులో గొడుగక్క కనబడితే ఒట్టు. సెలవు పెట్టి మెట్ల మీదే కాపురం పెట్టింది. వాన తెరిపిచ్చినప్పుడల్లా పని. పేట మొత్తం దిగింది, ఆదివారాలు మా ఆఫీసువాళ్ళం కూడా వెళ్ళాం. నేను పెన్సిలు వదిలి గునపం పట్టాను, చేతులు బొబ్బలెక్కాయి, ఎంత సంతోషంగా ఉండిందో చెప్పలేను. అమ్మగారు నలభయ్యో మెట్టు మీద ముక్కాలిపీట వేసుకుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, వెల్డింగతనికి నట్లూ బోల్టులూ అందించేవారు. ఒకసారి పెద్ద సైజు అందిస్తే, "అమ్మగారూ, అది కాదు, చూసుకుని ఇవ్వాలి," అని పైనుంచి గొడుగక్క కసిరింది. అమ్మగారు మారుమాట్లాడకుండా చిన్నది వెతికి ఇచ్చారు.

మోటారు మొదటిసారి తిరిగిన రోజు ఇసుక బస్తాలతో నాలుగు విడతలు నడిపి చూశారు. ఇనుప తాడు బిగుసుకుని, పట్టాల మీద బండి మెల్లగా కదిలి, గోడ వెంబడి పైకి పాకుతుంటే కిటికీల నిండా మొహాలు. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో పళ్ళేలు మోగిస్తున్నారు. మేస్త్రమ్మ మీట పట్టుకుని పెదవి కొరుక్కుంటోంది. నాలుగో విడత దిగాక, సరే, ఇక మనిషి ఎక్కొచ్చు అంది.

అదే వేళకు వాచ్‌మన్ తాత ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి కింద ఆటో దిగాడు. పొద్దున ఆ నలుగురూ కుర్చీలోనే దించారు. బక్కపలచని మనిషి, ఉతికిన చొక్కా, మోచేతి దగ్గర దూది కట్టు. గోడకు ఆనుకుని నిలబడి బండిని చూస్తున్నాడు.

చిన్నాయన ఉత్సాహం ఆపుకోలేక అమ్మగారి మోచెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, మొదట నువ్వెక్కాలి. ఇచ్చింది మనం కదా, అందరూ నీకోసమే చూస్తున్నారు."

అమ్మగారు రెండడుగులు వేసి, తాతను చూసి ఆగిపోయారు. ఆయన ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"మీరెక్కండి," అన్నారు.

"పర్లేదమ్మా, మీరు కానివ్వండి. నాకు ఆగడం అలవాటేగా," అన్నాడు తాత. నవ్వుతూనే అన్నాడు, అందులో దెప్పిపొడుపు లేదు.

అమ్మగారు తల అడ్డంగా ఊపి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. బెల్టు తానే పెట్టబోయారు. రెండుసార్లు జారిపోయింది. ఇలా అమ్మా, అని ఆయనే చూపించాడు. మూడోసారికి పడింది. మేస్త్రమ్మ మీట నొక్కింది, బండి కదిలింది.

గొడుగక్క కింది మెట్టు మీద జరిగి చోటిచ్చింది. అమ్మగారు పక్కన కూర్చుని, బండి మళ్ళీ దిగేదాకా తన వంతు కోసం ఆగారు.